మిరప ఎగుమతిలో బూజు విషం లెక్క
250 టిక్కీల లాటును మూడు టిక్కీలు ముంచే తీరు. చిన్న వర్తకులు గమనించవలసిన విషయాలు

మిరప కొనుగోలుదారు కాయను కంటితో చూసి, చేత్తో నలిపి, వాసన పట్టి ధర చెప్పే రోజులు పూర్తిగా పోలేదు. రంగు, ఘాటు, తొడిమ, తాలు శాతం ఈనాటికీ యార్డులో ధరను నిర్ణయిస్తున్నాయి. అయితే సరుకు సముద్రం దాటవలసి వచ్చినపుడు వీటితో పాటు కంటికి కనిపించని మరికొన్ని అంశాలు ముందుకు వస్తున్నాయి. కాయలో ఉన్న బూజు విషం ఎంత, పురుగుమందు అవశేషం ఎంత, నిషిద్ధమైన రంగు గాని వాయువు గాని తగిలిందా అని దిగుమతి దేశం అడుగుతుంది. వీటికి సమాధానం కాగితం మీద చూపలేని సరుకు ఎంత ఎర్రగా ఉన్నా అవతలి రేవులో ఆగిపోతుంది.

పెద్ద ఎగుమతి సంస్థకు ఒక కంటెయినరు వెనక్కు రావడం నష్టమే గాని ప్రాణాంతకం కాదు. సొంత పెట్టుబడితో, బ్యాంకు అప్పుతో ఏడాదికి నాలుగైదు లాటులు పంపే చిన్న వర్తకుడికి ఒక్క తిరస్కారంతో ఏడాది లాభం, దానితో పాటు పెట్టుబడిలో కొంత భాగం కూడా పోతాయి. అందువల్ల ఈ నిబంధనల వెనుక ఉన్న లెక్కను పెద్దవారి కంటె చిన్నవారే ముందు తెలుసుకోవలసి ఉంది.

నిబంధనలు వచ్చిన క్రమం

ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 జనవరి 1న ఏర్పడింది. దానితో పాటు ఆహార భద్రతకు, జంతు వృక్ష ఆరోగ్యానికి సంబంధించిన ఒడంబడిక కూడా అమలులోకి వచ్చింది. దిగుమతి సరుకు వల్ల తన ప్రజల ఆరోగ్యానికి హాని కలగకుండా నిబంధనలు పెట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉన్నదని ఈ ఒడంబడిక చెబుతుంది. ఆ నిబంధనలకు శాస్త్రీయమైన ఆధారం ఉండాలనీ, వాటిని మిగిలిన దేశాలకు ముందుగా తెలియజేయాలనీ కూడా చెబుతుంది. సుంకాలు తగ్గుతూ వచ్చిన కొద్దీ ఈ నిబంధనల ప్రాముఖ్యం పెరిగింది.

యూరోపియన్ యూనియన్ 2002లో మిరప, మిరియాలు, అల్లం, పసుపు, జాజికాయలకు బూజు విషం పరిమితి నిర్ణయించింది. 2003 మే నెలలో ఫ్రాన్సులో మిరప పొడిలో సూడాన్-1 అనే రంగు బయటపడింది. నూనెలకు, మైనాలకు, పాలిష్‌లకు వాడే ఈ రంగు ఆహారంలో నిషిద్ధం. అదే ఏడాది జూన్‌లో, మిరప సరుకు వెంట పరీక్షా నివేదిక ఉండాలని యూరోపియన్ యూనియన్ ఆదేశించింది. మన సుగంధ ద్రవ్యాల బోర్డు కూడా 2003లోనే ఎగుమతి మిరపకు సూడాన్ రంగు పరీక్షను తప్పనిసరి చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇదే రంగు తగిలిన మిరప పొడి ఒక సాస్‌లో కలిసి, దాని ద్వారా 400కు పైగా రకాల తినుబండారాలలో చేరింది. వాటన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కు తీయవలసి వచ్చింది. కొద్ది టన్నుల పొడి ఎంత దూరం వెళ్లగలదో కొనుగోలుదారులు అప్పుడు తెలుసుకున్నారు. నాటి నుంచి వారి ఒప్పందాలు బిగుసుకున్నాయి.

2010 జనవరి నుంచి భారత మిరపను యూరపు రేవులలో అదనపు తనిఖీలు జరిపే జాబితాలో చేర్చారు. ఈ జాబితాను ఆరు నెలలకు మించకుండా సమీక్షిస్తారు. తిరస్కారాలు పెరిగితే తనిఖీ శాతం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అంటే ఒక వర్తకుడు పంపిన చెడ్డ లాటుకు మిగిలిన వర్తకులందరూ తనిఖీ రూపంలో మూల్యం చెల్లిస్తారు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుకు అక్కడ 2020లో అనుమతి పోయింది. దరిమిలా అదే ఏడాది నవంబరు నుంచి దాని అవశేషం పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాముకు తగ్గించారు. 2020 సెప్టెంబరులో భారత నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడింది. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ ప్రభుత్వాలు అదే కారణంపై కొన్ని భారతీయ మసాలా పొడులను ఆపివేశాయి.

ఈ నిబంధనలలో రంగు కల్తీకి మందు ఒక్కటే, కల్తీ చేయకపోవడం. అవశేషాల విషయం రైతు పొలంలో తేలుతుంది. వర్తకుడి చేతిలో చెడిపోయేది, వర్తకుడి చేతిలోనే బాగుపడేది బూజు విషం. కాబట్టి ఈ పాఠంలో దానినే వివరంగా పరిశీలించవలసి ఉంది.

గ్రాములో పదో వంతు

బూజు విషానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వాటికి మేపిన వేరుశనగ పిండిలో బూజు ఉన్నట్లు తర్వాత తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు పేరు మీదనే విషానికి పేరు వచ్చింది. ఇందులో బి1, బి2, జి1, జి2 అని నాలుగు ముఖ్య రకాలున్నాయి. బి1 అన్నిటికన్న ప్రమాదకరమైనది, కాలేయంలో కేన్సరుకు కారణమవుతుంది. ఎండబెట్టినా, మామూలుగా వండినా ఇది పోదు. బూజు చచ్చిపోయినా, దులిపివేసినా, విషం కాయలో మిగిలే ఉంటుంది.

దీనిని పి.పి.బి.లలో కొలుస్తారు. వంద కోట్ల భాగాలలో ఒక భాగం ఒక పి.పి.బి. కిలో మిరపలో ఒక మైక్రోగ్రాము అన్నా అదే. యూరోపియన్ యూనియన్ పరిమితి బి1కు 5, నాలుగు రకాలూ కలిపి 10 పి.పి.బి. దీనిని యార్డు భాషలోకి మార్చి చూడాలి. 10 టన్నుల లాటులో, అంటే 10,000 కిలోలలో, కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున మొత్తం లక్ష మైక్రోగ్రాములు. లక్ష మైక్రోగ్రాములు గ్రాములో పదో వంతు. 10 టన్నుల సరుకు భవిష్యత్తు ఈ గ్రాములో పదో వంతు మీద ఆధారపడి ఉంది.

కలిపితే వచ్చే ముప్పు

ఇంత స్వల్పమైన విషం లాటు అంతటా సమానంగా పరచుకుని ఉండదు. నూరు కాయలలో తొంభై తొమ్మిది శుభ్రంగా ఉండి, ఒక్క కాయలో వేల పి.పి.బి.లు ఉండవచ్చు. వానకు తడిసిన కుప్ప అడుగు భాగం, పురుగు తొలిచిన కాయ, నెమ్ము ఆరక మునుపే తొక్కిన టిక్కీ, ఇవి దాని స్థావరాలు.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. టిక్కీ 40 కిలోల చొప్పున 250 టిక్కీలు, మొత్తం 10 టన్నుల లాటు ఉంది. ఇందులో 9,900 కిలోల కాయ బొత్తిగా విషం లేనిదే. మిగిలిన 100 కిలోలు, అంటే రెండున్నర టిక్కీల కాయ, బూజు పట్టినది. అందులో 1,500 పి.పి.బి. విషం ఉందనుకుంటే 100 కిలోలలో మొత్తం 1,50,000 మైక్రోగ్రాములు అవుతుంది. దానిని 10,000 కిలోలకు పంచితే లాటు సగటు 15 పి.పి.బి. పరిమితి 10. లాటు పోయినట్లే.

ఆ 100 కిలోలను ముందే విడదీసి ఉంటే నష్టం 100 కిలోల వరకే. మిగిలిన 247 టిక్కీలకు పైగా సరుకు నిర్భయంగా ఓడ ఎక్కేది. నూటికి ఒక వంతు చెడ్డ కాయను కలిపి లాభం చూసుకుందామనుకున్న వర్తకుడు నూటికి నూరు వంతులూ పోగొట్టుకుంటాడు. యార్డులో తాలు కాయకు వేరే ధర ఉండనే ఉంది. మంచి కాయలో కొద్దిగా తాలు కలపడం పాత అలవాటు. స్వదేశీ బేరంలో ఆ అలవాటు ధరను కొద్దిగా తగ్గిస్తుంది. ఎగుమతి బేరంలో అదే అలవాటు లాటు మొత్తాన్నీ ముంచుతుంది. బూజు ఎక్కువగా కనిపించేది రంగు పోయిన కాయలోనూ, పుచ్చు కాయలోనూ అన్నది మరువరాదు.

విషం ఎక్కువ ఉన్న సరుకులో మంచి సరుకు కలిపి సగటు తగ్గిస్తే సరిపోతుంది కదా అని కొందరికి తోచవచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధన దీనిని స్పష్టంగా నిషేధించింది. పరిమితి దాటిన సరుకును పరిమితి లోపలి సరుకుతో కలపరాదు, రసాయనాలతో విషం తీయరాదు. ఏరి వేరు చేయడం ఒక్కటే అనుమతించిన మార్గం. కాయగా ఉన్నంత వరకు ఏరవచ్చు. పొడి పట్టిన తర్వాత ఏరడానికి ఏమీ మిగలదు. రెండున్నర టిక్కీల విషం 250 టిక్కీలకూ పంచబడుతుంది.

మచ్చు ఒకటి, లాటు ఒకటి

ఇక్కడ పరీక్ష చేయించినపుడు లేని విషం అక్కడ ఎలా వచ్చిందని వర్తకులు తరచు అడుగుతుంటారు. రెండు చోట్లా ప్రయోగశాల సరిగానే చెప్పి ఉండవచ్చు. తేడా మచ్చు తీయడంలో ఉంటుంది.

పై ఉదాహరణలోని చెడ్డ కాయ మూడు టిక్కీలలో ఉందనుకుందాం. 250 టిక్కీల నుంచి ఏవో 5 టిక్కీలు విప్పి గుప్పెడు చొప్పున తీస్తే, ఆ మూడింటిలో ఒకటైనా చేతికి తగిలే అవకాశం నూటికి 6 మాత్రమే. 94 సార్లు నివేదిక శుభ్రంగా వస్తుంది, వర్తకుడు నిశ్చింతగా సరుకు పంపుతాడు. యూరోపియన్ యూనియన్ 2006లో ప్రకటించిన మచ్చు పద్ధతి ప్రకారం 5 టన్నులు దాటి 10 టన్నుల వరకు ఉన్న మసాలా లాటుకు 80 చోట్ల నుంచి, మొత్తం 8 కిలోల మచ్చు తీయవలసి ఉండేది. 80 టిక్కీల నుంచి తీసినపుడు చెడ్డ టిక్కీ తగిలే అవకాశం నూటికి 69కి చేరుతుంది. ఇక్కడ 6, అక్కడ 69. తిరస్కారాలలో అనేకం ఈ రెండు అంకెల మధ్యనే పుడుతున్నాయి.

అందువల్ల ప్రయోగశాలకు పంపే మచ్చును అవతలి రేవులో తీసే పద్ధతిలోనే ఇక్కడా తీయాలి. పై వరస టిక్కీల నుంచి గాక నెట్టులోని అన్ని వరసల నుంచీ తీయాలి. తీసినదంతా కలిపి, పొడి పట్టి, అందులో నుంచి పరీక్షకు ఒక భాగం, సీలు వేసి దాచుకోవడానికి ఒక భాగం వేరు చేయాలి. 8 కిలోల మిరప ఖర్చు తిరిగి వచ్చే కంటెయినరు కిరాయి ముందు లెక్కలోనిది కాదు.

నెమ్ముకు ఎవరు ధర చెల్లించాలి

బూజుకు మూలం నెమ్ము. కాయలో తేమ నూటికి 10, 11 వంతులకు దిగితే బూజు పెరగడం ఆగుతుంది. మట్టి కల్లం బదులు పట్టాల మీద గాని సిమెంటు కల్లం మీద గాని ఆరబోయడం, రాత్రి మంచుకు కప్పడం, కుప్పను తిరగబోయడం రైతుకు తెలియని విషయాలు కావు. తెలిసి కూడా చేయకపోవడానికి కారణం ధరలో ఉంది.

తేమ 14 శాతం ఉన్న 100 కిలోల కాయలో అసలు ఎండు పదార్థం 86 కిలోలు. అదే కాయను 10 శాతానికి ఆరబెడితే తూకం సుమారు 95.6 కిలోలకు దిగుతుంది. అంటే క్వింటాలుకు 4.4 కిలోలు గాలిలో కలుస్తాయి. ఉదాహరణకు క్వింటాలు ధర 15,000 రూపాయలనుకుంటే, ఆరబెట్టిన రైతుకు నష్టం రాకుండా ఉండాలంటే ఎండు కాయకు సుమారు 15,700 రూపాయలు పలకాలి. యార్డులో రెండింటికీ ఒకే ధర పలికితే ఆరబెట్టిన రైతు క్వింటాలుకు 700 రూపాయలు జరిమానా కట్టినట్లే. నీళ్లు చల్లిన రైతుకు బహుమతి దొరికినట్లు.

కాయ విరగకుండా తొడిమ తీసేటపుడు, టిక్కీ తొక్కేటపుడు నీళ్లు చల్లే అలవాటు వర్తకుల గోదాములలో కూడా ఉంది. తూకం కలిసి వస్తుంది గనుక ఎవరూ కాదనరు. ఎగుమతి సరుకుకు సంబంధించినంత వరకు ఈ నీటి ఖరీదు చాలా ఎక్కువ. తేమ కొలిచే చిన్న యంత్రం వర్తకుడి వద్ద ఉండి, కొనేటపుడే తేమ చూసి, ఎండు కాయకు న్యాయమైన హెచ్చు ధర చెల్లించే పద్ధతి వస్తే తప్ప నిబంధన ఎన్నటికీ కల్లం దాకా చేరదు.

శీతల గిడ్డంగి నుంచి తీసిన ఏసీ కాయ విషయంలో మరో జాగ్రత్త అవసరం. చల్లని టిక్కీని ఉక్క గాలిలోకి తెచ్చి వెంటనే విప్పితే గాలిలోని తేమ కాయ మీద చెమటలా దిగుతుంది. టిక్కీ బయటి వేడికి వచ్చే దాకా విప్పకుండా ఉంచడం మంచిది. కంటెయినరు లోపల కూడా పగటి వేడికి, రాత్రి చలికి పైకప్పు నుంచి నీటి చుక్కలు రాలుతాయి. తడి లేని నేల, గోడలకు అట్టలు, తేమ పీల్చే సంచులు ఇందుకే.

ఏ సరుకు ఏ దేశానికి

అన్ని దేశాల పరిమితులూ ఒకటి కావు. అమెరికాలో ఆహార పదార్థాలకు బూజు విషం పరిమితి మొత్తం 20 పి.పి.బి. 12 పి.పి.బి. ఉన్న లాటు ఈ అంశంలో అమెరికాకు పనికి వస్తుంది, యూరపుకు పనికి రాదు. ఇథిలీన్ ఆక్సైడ్ విషయంలో తేడా మరీ హెచ్చు. క్రిములను చంపడానికి మసాలాలకు ఈ వాయువు పట్టించడాన్ని అమెరికా అనుమతిస్తుంది. అక్కడి పరిమితి కిలోకు 7 మిల్లీగ్రాములు. యూరోపియన్ యూనియన్‌లో అది కిలోకు 0.1 మిల్లీగ్రాము. అమెరికా బేరం కోసం వాయువు పట్టించిన సరుకును ఆ బేరం తప్పిపోయిందని యూరపుకు మళ్లిస్తే చిక్కు తప్పదు. యూరపు సరుకుకు ఆవిరి పద్ధతే శరణ్యం. కాబట్టి కొనుగోలుదారు ఎవరో తేలిన తర్వాత సరుకు సిద్ధం చేయడం క్షేమం.

ఒప్పందంలో చూడవలసినవి

చిన్న వర్తకులలో అనేకులు నేరుగా ఎగుమతి చేయరు. పెద్ద ఎగుమతిదారుకు సరఫరా చేస్తారు. తిరస్కారం వచ్చినపుడు ఆ భారం గొలుసు వెంట వెనక్కు జారి చివరకు వారి మీదనే పడుతుంది. సంతకానికి ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. మచ్చు ఎక్కడ, ఎవరి ఎదుట, ఎన్ని చోట్ల నుంచి తీస్తారు? ఏ ప్రయోగశాల నివేదిక ఇరువురికీ సమ్మతం? ఫలితాలలో తేడా వస్తే సీలు వేసి దాచిన మచ్చును మూడో చోట పరీక్షించే వీలు ఉందా? తిరస్కరించిన సరుకును తిప్పి తెచ్చే ఖర్చు, రేవు డెమరేజి, నాశనం చేయవలసి వస్తే దాని ఖర్చు ఎవరివి? ఈ నాలుగూ నోటి మాటగా ఉన్నంత వరకు బలహీనుడే చెల్లిస్తాడు.

60 రోజులు, 6 నెలలు

కొత్త నిబంధన ఏదీ రాత్రికి రాత్రి ఊడిపడదు. అత్యవసర సందర్భాలలో తప్ప, కొత్త నిబంధన ముసాయిదాను ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందుగా తెలియజేయాలి. ఇతర దేశాలు అభిప్రాయాలు చెప్పడానికి సాధారణంగా 60 రోజుల గడువు ఇస్తారు. నిబంధన ప్రకటించిన తర్వాత అమలుకు మధ్య వ్యవధి మామూలుగా 6 నెలలకు తగ్గరాదని 2001 నవంబరులో దోహా సమావేశం నిర్ణయించింది. అంటే జాగ్రత్తగా గమనించే వర్తకుడికి దాదాపు ఒక పంట కాలం ముందే సమాచారం అందుతుంది. ఈ ప్రకటనలు సరుకు వారీగా, దేశం వారీగా ఉచితంగా అందించే ఈ-పింగ్ అనే ఏర్పాటు 2016 నుంచి ఉంది.

ప్రతి చిన్న వర్తకుడూ వీటిని చదవలేకపోవచ్చు. వర్తక సంఘం ఒక గుమాస్తాకు ఈ పని అప్పగించి, మిరపకు సంబంధించిన ప్రకటనల సారాంశం తెలుగులో నోటీసు బోర్డు మీద పెడితే చాలు. 60 రోజుల గడువులో సంఘం తన ఇబ్బందులను సుగంధ ద్రవ్యాల బోర్డు ద్వారా కేంద్ర ప్రభుత్వానికి తెలపవచ్చు. గుంటూరులో బోర్డు ప్రయోగశాల ఉంది. మసాలాల అంతర్జాతీయ ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంఘానికి 2013లో ఏర్పడినప్పటి నుంచి భారతదేశమే ఆతిథ్యం వహిస్తున్నది. దాని తొలి సమావేశం 2014 ఫిబ్రవరిలో కొచ్చిలో జరిగింది. మాట వినిపించడానికి తలుపు దగ్గరలోనే ఉన్నా తట్టేవారు కావాలి.

చిన్నవాడికి ఉన్న బలం

ఈ వ్యవహారంలో చిన్న వర్తకుడికి పెద్దవాడికి లేని బలం ఒకటి ఉంది. అతడు కొనేది కొద్ది మంది రైతుల సరుకు. ఏ టిక్కీ ఏ ఊరిది, ఏ కల్లంలో ఆరింది, ఆ వారం అక్కడ వాన పడిందా లేదా అన్నది అతడికి తెలుసు. ఈ తెలివిడి నోటిలో ఉన్నంత వరకు కొనుగోలుదారుకు పనికి రాదు. పుస్తకంలోకి ఎక్కితే దానికి ధర వస్తుంది.

ఇందుకు కావలసినది ఒక లాటు పుస్తకం. రైతు, ఊరు, కొన్న తేదీ, తేమ శాతం, చల్లిన మందులు, గోదాములో ఉంచిన చోటు, పరీక్ష ఫలితం లాటుకొక పేజీలో రాసుకోవాలి. టిక్కీల మీద లాటు నంబరు వేసి, రైతు సరుకులను వేరువేరుగా నెట్టు కట్టాలి. పరీక్షలో ఒక లాటు తప్పితే అదొక్కటే స్వదేశీ నిబంధనలు చూసుకుని వేరే దారి పట్టించాలి, లేదా వదులుకోవాలి. నలుగురైదుగురు చిన్న వర్తకులు కలిసి పరీక్ష ఖర్చు, తేమ యంత్రం, సిమెంటు కల్లం పంచుకోవచ్చు. పంచుకోకూడనిది ఒక్కటే ఉంది. పరీక్ష కాక మునుపు ఒకరి సరుకును మరొకరి సరుకులో కలపరాదు.